భాషల సరిహద్దులు దాటిన జిజ్ఞాసువు – అల్ బెరూనీ

మధ్యయుగమంటే చీకటియుగమని చెప్పుకోవడం ఐరోపా చరిత్ర పాఠాల వల్ల మనకు అలవాటైన మాట. ఐరోపాలో కొంత భాగానికి ఆ మాట వర్తిస్తే వర్తించవచ్చును గాని, తక్కిన ప్రపంచానికి అది ఎంతమాత్రమూ వర్తించదు. క్రీ.శ. 1000వ సంవత్సరం ప్రాంతాన బాగ్దాదు నగరంలో గ్రీకు, సిరియాక్, సంస్కృత శాస్త్రగ్రంథాలు అరబ్బీ భాషలో లభిస్తుండేవి. కైరోలో ఫాతిమీ ఖలీఫాలు నెలకొల్పిన అల్ అజ్‌హర్ విద్యాపీఠం అప్పటికే వేళ్ళూనుకొంటున్నది. చైనాలో సోంగ్ చక్రవర్తుల రాజధాని కైఫెంగ్‌లో చెక్కఅచ్చులతో ముద్రించిన పుస్తకాలు ప్రజల చేతుల్లోకి వస్తున్నాయి. తంజావూరులో రాజరాజచోళుడు కట్టించిన బృహదీశ్వరాలయం 1010లో పూర్తయింది. గోదావరీ తీరాన వేంగీ చాళుక్యుల ఆశ్రయంలో తెలుగు భాష కావ్యభాషగా రూపుదిద్దుకోవడానికి సిద్ధమవుతున్నది.

ఇన్ని నాగరికతలు ఏకకాలంలో వెలుగుతున్నప్పటికీ వాటికి పరస్పర పరిచయం అంతంతమాత్రమే. వర్తకులు సరుకులు మోసుకొనిపోయారు, సైన్యాలు సంపదలు మోసుకొనిపోయాయి. ఒక జాతి ఆలోచనను ఆ జాతి భాషలోనే చదివి, అర్థం చేసుకొని, తన వారికి నిష్పక్షపాతంగా తెలియజెప్పాలని పూనుకొన్నవారు మాత్రం బహు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో అగ్రగణ్యుడు అబూ రైహాన్ ముహమ్మద్ ఇబ్న్ అహ్మద్ అల్ బెరూనీ. మాతృభాష ఒకటి, వీధిభాష మరొకటి, శాస్త్రభాష ఇంకొకటిగా పెరిగే పిల్లలు చదువుకొనే మన పాఠశాల వంటి చోట ఆయన జీవితం స్మరించుకోదగినది.

బాల్యం – గురుశిష్యులు

అల్ బెరూనీ 973వ సంవత్సరం సెప్టెంబరు 4వ తేదీన ఖ్వారెజ్మ్ దేశపు రాజధాని అయిన కాథ్ నగర పరిసరాల్లో జన్మించాడు. ఆరల్ సముద్రానికి దక్షిణంగా, అముదర్యా నది దిగువ పరీవాహక ప్రాంతంలో ఉన్న దేశమది. ఇప్పుడది ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దేశాల్లో చేరి ఉన్నది. కాథ్ ఉన్నచోటి పట్టణానికి 1957లో ఆయన పేరే పెట్టారు. పారశీక భాషలో బీరూన్ అంటే వెలుపల అని అర్థం. నగరం వెలుపలి వాడు గనుక ఆయనకు ఆ పేరు వచ్చిందంటారు. జీవితమంతా ఏదో ఒక నగరానికి, ఏదో ఒక భాషకు వెలుపలివాడుగానే ఉండిపోయిన మనిషికి ఆ పేరు ఎంతగానో తగినది.

ఆయన తల్లిదండ్రులను గూర్చి మనకు దాదాపు ఏమీ తెలియదు. గురువును గూర్చి మాత్రం బాగా తెలుసు. ఖ్వారెజ్మ్ రాజవంశానికి చెందిన అబూ నస్ర్ మన్సూర్ గొప్ప గణితవేత్త. గోళ త్రికోణమితిలో జ్యా సూత్రాన్ని నిరూపించినవారిలో ఒకడు. రాకుమారుడైన ఆ గురువు ఈ సామాన్య బాలుని ప్రతిభను గుర్తించి చేరదీసి యూక్లిడ్ జ్యామితిని, టాలెమీ ఖగోళశాస్త్రాన్ని నేర్పాడు. తరువాతి కాలంలో తన గ్రంథాలు కొన్నింటిని ఈ శిష్యుని పేరనే రచించాడు. శిష్యుడు గురువుకు గ్రంథం అంకితమివ్వడం లోకంలో ఉన్నదే. గురువు శిష్యుని పేరిట గ్రంథాలు వెలయించడం అరుదు.

పదిహేడేళ్ళ వయసు నాటికే బెరూనీ సూర్యుని ఎత్తును కొలిచి కాథ్ నగర అక్షాంశాన్ని లెక్కకట్టాడు. 22 ఏళ్ళ వయసులో 15 మూరల వ్యాసం గల పెద్ద వలయయంత్రాన్ని సిద్ధం చేసుకొని 995వ సంవత్సరపు వేసవి అయనాంత దినాన సూర్యుని గమనాన్ని పరిశీలించాడు. ఆ పని అంతటితో ఆగిపోయింది. అదే సంవత్సరం ఖ్వారెజ్మ్‌లో అంతర్యుద్ధం చెలరేగింది. ఉత్తరాన ఉన్న గుర్గాంజ్ పాలకులు కాథ్‌ను ఆక్రమించి పాత రాజవంశాన్ని అంతమొందించారు. యువశాస్త్రజ్ఞుడు యంత్రాలను విడిచిపెట్టి దేశం వదిలి పారిపోవలసి వచ్చింది.

ప్రవాసం – పేదరికం

కొంతకాలం ఆయన నేటి టెహరాన్ సమీపంలోని రాయ్ నగరంలో తలదాచుకొన్నాడు. ఆశ్రయమిచ్చే ప్రభువు లేడు, చేతిలో సొమ్ము లేదు. అక్కడ ఒక జ్యోతిష్కుడు శాస్త్ర విషయంలో బెరూనీతో విభేదించి, పేదవాడన్న కారణంతో ఆయన మాటను చులకన చేశాడట. తరువాత బెరూనీ పరిస్థితి మెరుగుపడగానే ఆ మనిషే స్నేహానికి చేయి చాచాడు. ఈ సంగతిని బెరూనీ తన గ్రంథంలో స్వయంగా నమోదు చేశాడు. ఆయన దానిని కోపంతో కాక, లోకరీతికి ఒక ఉదాహరణగా చెప్పినట్లు కనిపిస్తుంది.

పేదరికంలోనూ పరిశీలన ఆగలేదు. 997 మే 24న చంద్రగ్రహణం సంభవించింది. అప్పటికి తిరిగి కాథ్‌కు చేరిన బెరూనీ, బాగ్దాదులోని సుప్రసిద్ధ గణితవేత్త అబుల్ వఫాతో ముందే ఏర్పాటు చేసుకొని, ఇద్దరూ తమ తమ ఊళ్ళలో గ్రహణ సమయాన్ని గుర్తించారు. చంద్రగ్రహణం భూమిమీద కనిపించిన ప్రతి చోటా ఒకే క్షణాన సంభవిస్తుంది. స్థానిక కాలాల్లో తేడా వస్తే అది ఆ రెండు ఊళ్ళ రేఖాంశాల తేడాయే. ఆ తేడా సుమారు ఒక గంట అని తేలింది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుందన్న లెక్కతో ఈ ప్రయోగాన్ని నేటి ఉన్నత పాఠశాల విద్యార్థి కూడా అర్థం చేసుకోగలడు. వందల మైళ్ళ దూరాన ఉన్న ఇద్దరు పండితులు ఒకే రాత్రి ఒకే చంద్రుని చూసి భూమిని కొలిచారన్నమాట.

1000వ సంవత్సరం ప్రాంతాన కాస్పియన్ సముద్ర తీరంలోని గుర్గాన్ పాలకుడు ఖాబూస్ ఆయనను ఆదరించాడు. అక్కడే బెరూనీ తన తొలి మహాగ్రంథాన్ని పూర్తిచేసి ఆ ప్రభువుకు అంకితమిచ్చాడు. గత శతాబ్దాలు మిగిల్చిన ఆనవాళ్ళు అని ఆ గ్రంథనామానికి అర్థం. పారశీకులు, సోగ్దియన్లు, యూదులు, సిరియా క్రైస్తవులు, గ్రీకులు, అరబ్బులు తమ తమ కాలగణనను ఎట్లా చేసుకొంటారో, ఏయే పండుగలు ఎందుకు జరుపుకొంటారో అందులో వివరించాడు. తన స్వదేశమైన ఖ్వారెజ్మ్ ప్రజల మాసాల పేర్లను, పండుగల పేర్లను కూడా శ్రద్ధగా చేర్చాడు. ఆ చిన్న పట్టికల విలువ ఎంతటిదో చివరలో ప్రస్తావిస్తాను.

సుల్తాను వెంట గజనీకి

1004 ప్రాంతాన ఆయన స్వదేశం చేరి, గుర్గాంజ్‌లో అబుల్ అబ్బాస్ మామూన్ ఆస్థానంలో గౌరవస్థానం పొందాడు. వైద్యశాస్త్రంలో జగత్ప్రసిద్ధుడైన ఇబ్న్ సీనా కూడా కొంతకాలం అక్కడ ఉన్నాడు. అరిస్టాటిల్ భావాలను గూర్చి బెరూనీకీ ఇబ్న్ సీనాకూ మధ్య జరిగిన ప్రశ్నోత్తరాలు నేటికీ లభిస్తున్నాయి. ఇద్దరూ మేధావులే. ఒకరు తత్త్వచింతన వైపు మొగ్గితే, రెండవవారు కొలిచి చూడనిదే దేనినీ అంగీకరించని స్వభావం గలవారు.

ఆ ప్రశాంతి ఎక్కువకాలం నిలవలేదు. 1017లో తిరుగుబాటుదారులు మామూన్‌ను హత్యచేశారు. మృతుని భార్య గజనీ సుల్తాన్ మహమూద్ సోదరి. ఆ మిష మీద మహమూద్ సైన్యంతో వచ్చి ఖ్వారెజ్మ్‌ను తన రాజ్యంలో కలుపుకొన్నాడు. తిరిగి వెళ్తూ అక్కడి పండితులను గజనీకి తరలించుకొని పోయాడు. వారిలో బెరూనీ, ఆయన గురువు అబూ నస్ర్ కూడా ఉన్నారు. అప్పటికి బెరూనీకి 44 ఏళ్ళు. ఆయన బందీయా, ఆస్థాన పండితుడా అంటే రెండూ అనవలసి ఉంటుంది. తన ఇష్టంతో వెళ్ళలేదు, తన ఇష్టంతో తిరిగి రాగల స్వేచ్ఛా లేదు.

మరుసటి సంవత్సరం ఆయన పరిస్థితి ఎట్లా ఉండేదో తెలిపే ఒక చిన్న సంఘటనను ఆయనే రాసిపెట్టాడు. 1018 అక్టోబరులో కాబూల్ సమీపంలోని ఒక పల్లెలో ఉండగా ఆయన దగ్గర ఏ యంత్రమూ లేదు. అయినా ఆ ఊరి అక్షాంశం తెలుసుకోవాలన్న పట్టుదల కలిగింది. లెక్కల పలకను తిరగవేసి, దాని వెనుకవైపు వృత్తభాగాన్ని గీసి, దారానికి బరువు కట్టి తూకంగుండుగా వాడి సూర్యుని ఎత్తు కొలిచాడు. కష్టాల మధ్యనైనా పని సాగించే నేర్పు ఆయనకు బాల్యంలో అలవడిన విద్య.

భూమిని కొండమీద నుంచి కొలవడం

గజనీ నుంచి మక్కా ఏ దిశలో ఉన్నదో కచ్చితంగా నిర్ణయించాలంటే నగరాల అక్షాంశ రేఖాంశాలు తెలియాలి. అందుకై ఆయన నగరాల స్థాన నిర్ణయాన్ని గూర్చి ఒక గ్రంథం రాయ ప్రారంభించి 1025లో పూర్తిచేశాడు. భూమి వ్యాసార్థాన్ని కనుగొనే కొత్త పద్ధతి అందులోనే ఉన్నది.

అంతకు రెండు వందల ఏళ్ళ ముందు బాగ్దాదు ఖలీఫా అల్ మామూన్ పంపిన శాస్త్రజ్ఞులు ఎడారిలో ఒక డిగ్రీ దూరాన్ని నేలమీద నడిచి కొలిచారు. అందుకు విశాలమైన చదును నేల, చాలామంది మనుషులు, రాజుగారి ఖర్చు కావాలి. బెరూనీకి అవేవీ లేవు. నేటి పాకిస్తాన్‌లోని పంజాబు రాష్ట్రంలో జీలం ప్రాంతాన నందన అనే కోట ఉన్నది. దాని పక్కన కొండ, దక్షిణాన కనుచూపు మేర మైదానం. ముందుగా కొండ ఎత్తును కోణాల సాయంతో లెక్కకట్టి సుమారు 652 మూరలని తేల్చాడు. పిదప కొండ ఎక్కి, నింగీ నేలా కలిసే దిగంతరేఖ తన కంటి మట్టానికి ఎంత దిగువన కనిపిస్తున్నదో కొలిచాడు. అది 34 కళలు, అంటే అర డిగ్రీకి కాస్త ఎక్కువ. ఈ రెండు అంకెలతో, త్రికోణమితి సాయంతో భూమి వ్యాసార్థాన్ని సాధించాడు. ఆయన వాడిన మూర నేటి కొలతలో ఎంతన్న విషయంలో పండితుల్లో భేదాభిప్రాయాలున్నవి. కాని ఒక మనిషి, ఒక కొండ, ఒక యంత్రం ఉంటే భూగోళాన్ని కొలవవచ్చునన్న ఆ ఆలోచన గొప్పదనాన్ని ఎవరూ కాదనరు.

సంస్కృతాభ్యాసం – భారతదేశ గ్రంథం

సుల్తాన్ మహమూద్ పలుమార్లు ఉత్తర భారతంపై దండెత్తాడు. 1026లో సోమనాథ ఆలయాన్ని కొల్లగొట్టాడు. అదే సుల్తాను నీడలో ఉంటూ బెరూనీ చేసిన పని పూర్తిగా భిన్నమైనది. నలభై అయిదేళ్ళు పైబడిన వయసులో ఆయన సంస్కృత భాష నేర్వడం ప్రారంభించాడు.

అది ఎంత కష్టమైన పనో ఆయన దాచుకోలేదు. సంస్కృతంలో ఒక వస్తువుకు అనేక పదాలు, ఒక పదానికి అనేక అర్థాలు. దానిలోని అక్షరధ్వనులు కొన్ని అరబ్బీ లిపికి లొంగవు. శాస్త్రగ్రంథాలు శ్లోకాల్లో ఉండడం వల్ల ఛందస్సు కోసం చేర్చిన మాటల మధ్య అసలు విషయాన్ని వెదుక్కోవాలి. లేఖకుల అజాగ్రత్త వల్ల రెండు మూడు ప్రతులు రాసేసరికి గ్రంథం గుర్తుపట్టరానిదవుతుంది. వీటన్నిటికీ మించిన అడ్డంకి మనుషుల మధ్య ఏర్పడిన అపనమ్మకం. మహమూద్ దండయాత్రలు ఆ ప్రాంతాల సౌభాగ్యాన్ని ధ్వంసం చేశాయనీ, వాటివల్ల విద్యలు కాశ్మీరం, కాశి వంటి దూరప్రదేశాలకు తరలిపోయాయనీ, పరాయివారి పట్ల ద్వేషం బలపడిందనీ ఆయన స్పష్టంగా రాశాడు. సుల్తాను కొడుకు పాలనలో జీవిస్తూ ఆ మాట రాయడానికి ధైర్యం కావాలి.

ఆయన పండితులను వెదుక్కొంటూ వెళ్ళాడు. పుస్తకాలకై తన శక్తికి మించి ఖర్చుచేశాడు. మొదట భారతీయ జ్యోతిశ్శాస్త్రజ్ఞుల ఎదుట విద్యార్థిగా కూర్చున్నాడు. కొంత నేర్చిన తరువాత వారి లెక్కల వెనుక ఉన్న కారణాలను తానే వివరించసాగాడు. కపిలుని సాంఖ్యాన్ని, పతంజలి యోగాన్ని అరబ్బీలోకి తెచ్చాడు. యూక్లిడ్ జ్యామితిని, టాలెమీ ఖగోళ గ్రంథాన్ని సంస్కృతంలోకి మార్చే పని కూడా పెట్టుకొన్నాడు. తీసుకొన్నదానికి బదులు ఇవ్వాలన్న భావం అందులో కనిపిస్తుంది. ఆ సంస్కృత రచనలు మనకు దక్కలేదు.

1030లో సుల్తాన్ మహమూద్ మరణించిన తరుణంలో బెరూనీ తన భారతదేశ గ్రంథాన్ని రచించాడు. కితాబ్ ఉల్ హింద్ అని మన పాఠ్యపుస్తకాల్లో పేర్కొనేది దీనినే. ఇందులో 80 అధ్యాయాలున్నవి. దైవభావన, కర్మ, మోక్షం, వర్ణవ్యవస్థ, వేదాలు, పురాణాలు, వ్యాకరణం, ఛందస్సు, తూనికలు కొలతలు, లిపులు, నదులు, నగరాల మధ్య దూరాలు, గ్రహణాలు, పండుగలు అన్నీ ఇందులో చోటుచేసుకొన్నాయి. హిందువుల నమ్మకాలను ఖండించడానికి గాక, వారు చెప్పుకొనే విధంగానే చెప్పడానికి ఈ గ్రంథం రాశానని ఆయన పీఠికలో తెలిపాడు. పక్కనే గ్రీకుల, సూఫీల, క్రైస్తవుల భావాలను ఉంచి పోల్చి చూపాడు. మానవుడు ఎక్కడ ఉన్నా ఇంచుమించు ఒకే రకమైన ప్రశ్నలు వేసుకొంటాడన్న సత్యం ఆ పోలికల్లో తనంతట తానే తేటపడుతుంది.

మెచ్చుకోవలసిన చోట మెచ్చుకొని, విమర్శించవలసిన చోట విమర్శించడం ఆయన పద్ధతి. భారతీయుల అంకెలను, స్థానవిలువల పేర్లను వివరించి ఆదరించాడు. బ్రహ్మగుప్తుని గొప్ప శాస్త్రజ్ఞునిగా గౌరవించాడు. గ్రహణాలకు అసలు కారణం నీడయేనని ఎరిగి ఉండి కూడా బ్రహ్మగుప్తుడు రాహువు కథను సమర్థించాడని తప్పుపట్టాడు. సత్యం తెలిసినవాడు లోకానికి జంకి దానిని పక్కన పెట్టడం బెరూనీ సహించలేకపోయాడు. తమ దేశం, తమ విద్య తప్ప మరేదీ లేదన్న గర్వం నాటి పండితుల్లో ఉన్నదని విచారించాడు. వారి పూర్వులు అట్లా ఉండేవారు కాదనడానికి, శాస్త్రజ్ఞులైన యవనులను గౌరవించాలన్న వరాహమిహిరుని అభిప్రాయాన్నే సాక్ష్యంగా చూపాడు.

ప్రకృతిని చూసే దృష్టిలోనూ ఆయన ముందున్నాడు. పర్వతాల దగ్గర పెద్ద గుండ్రాళ్ళు, దూరం పోయే కొద్దీ చిన్న రాళ్ళు, మరింత దూరాన ఇసుక కనిపించడాన్ని గమనించి, ఉత్తర భారత మైదానం ఒకప్పుడు సముద్రమై ఉండి నదులు తెచ్చిన ఒండ్రుతో పూడిపోయి ఉంటుందని ఊహించాడు.

బెరూనీ గ్రంథంలో ఆంధ్రదేశం

బెరూనీ దక్షిణాపథానికి రాలేదు. ఆయన చూసినది గజనీ పరిసరాలు, పంజాబు ప్రాంతాలు మాత్రమే. దక్షిణదేశాన్ని గూర్చి పండితుల వల్ల, బాటసారుల వల్ల విన్న సమాచారమే ఆయనకు ఆధారం. అయినా భారతదేశ లిపులను పేర్కొంటూ సిద్ధమాతృక, నాగర లిపులతోపాటు కర్ణాట దేశంలో కర్ణాట లిపి, ఆంధ్రదేశంలో ఆంధ్రి లిపి, ద్రవిడదేశంలో ద్రావిడ లిపి వాడుకలో ఉన్నాయని నమోదు చేశాడు. తూర్పు తీరపు దారిని వర్ణిస్తూ ఓఢ్ర విషయాన్ని, కాంచిని తలచాడు. దక్షిణాదిన మూరెడు పొడవు, మూడు వేళ్ళ వెడల్పు ఉండే తాటియాకుల మీద రాస్తారనీ, నడుమ రంధ్రం చేసి దారంతో గుచ్చి పుస్తకంగా కడతారనీ వివరించాడు. మన తాతముత్తాతల ఇళ్ళల్లోని తాళపత్ర గ్రంథాలను చూసినవారికి ఆ వర్ణన ఎంత సరిగా ఉన్నదో తెలుస్తుంది. ఎక్కడి గజనీ, ఎక్కడి ఆంధ్రలిపి! తొమ్మిది వందల తొంభై ఏళ్ళనాడు మన అక్షరాలకు ఒక అరబ్బీ గ్రంథంలో స్థానం దక్కింది.

మరొక విశేషం కూడా గమనించదగినది. ఆ గ్రంథంలో ఆయన మహాభారతంలోని పద్దెనిమిది పర్వాల పేర్లను వరుసగా ఇచ్చాడు. ఆ కాలంలోనే, 1022లో వేంగీ సింహాసనమెక్కిన రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయ భట్టారకుడు అదే మహాభారతాన్ని తెలుగు చేయడం ప్రారంభించాడు. ఒకరి సంగతి మరొకరికి తెలిసే అవకాశమే లేదు. అయినా ఒకే శతాబ్దంలో ఒకే సంస్కృత గ్రంథం ఒకచోట అరబ్బీ పాఠకునికి పరిచయమైంది, మరొకచోట తెలుగు పాఠకునికి సొంతమైంది.

వృద్ధాప్యం – చివరి వరకు విద్యార్థి

మహమూద్ తరువాత వచ్చిన సుల్తాన్ మసూద్ బెరూనీని ఎంతో ఆదరించాడు. తన ఖగోళశాస్త్ర పరిజ్ఞానమంతా క్రోడీకరించిన బృహద్గ్రంథాన్ని బెరూనీ ఆ సుల్తానుకు అంకితమిచ్చాడు. ఇందుకు ప్రతిఫలంగా సుల్తాను ఏనుగు మోయగలిగినంత వెండి పంపగా, తనకు అవసరం లేదని ఆయన ఖజానాకు తిప్పి పంపాడని తరువాతి చరిత్రకారులు చెబుతారు. ఒకనాడు పేదవాడని చులకనకు గురైన మనిషిని గూర్చి ఇటువంటి కథ పుట్టిందంటే, ధనాన్ని గూర్చి ఆయన వైఖరి లోకానికి ఎట్లా కనిపించిందో ఊహించవచ్చును.

అంతకు ముందే, 1029లో, ఖ్వారెజ్మ్ దేశానికి చెందిన రైహానా అనే మహిళ కోరికపై గణిత, ఖగోళ, జ్యోతిష విషయాలను ప్రశ్నోత్తర రూపంలో బోధించే గ్రంథం రాశాడు. అది అరబ్బీలోనూ పారశీకంలోనూ లభిస్తున్నది. వెయ్యేళ్ళనాడు ఒక స్త్రీ చదువుకొనేందుకై ఒక మహాశాస్త్రజ్ఞుడు పాఠ్యపుస్తకం రాశాడన్న సంగతి మన బాలికలు తెలుసుకోదగినది. పిదప రత్నాలను, లోహాలను గూర్చిన గ్రంథం రాశాడు. వాటిని నీటితో నింపిన ప్రత్యేక పాత్రలో ముంచి, పొర్లిన నీటిని తూచి, వాటి సాపేక్ష సాంద్రతలను నిర్ణయించాడు. 1036 ప్రాంతాన తన రచనల పట్టిక తానే తయారుచేసుకొన్నాడు. అప్పటికే అవి నూటికి పైబడ్డాయి.

ఆయన చివరి గ్రంథం ఔషధాలను గూర్చినది. ఒక్కొక్క మూలిక పేరును అనేక భాషల్లో చెబుతూ సాగుతుంది. చూపు మందగించి, వినికిడి తగ్గిన ఆ వయసులో ఒక వైద్యుని సాయంతో ఆ గ్రంథాన్ని కూర్చాడు. ఆయన 1048లో గజనీలో మరణించాడని చాలాకాలంగా రాస్తున్నారు. ఈ గ్రంథంలో తనకు ఎనభై చాంద్రమాన సంవత్సరాలు దాటాయని చెప్పుకొన్నందున, 1050 తరువాత కూడా జీవించి ఉండవచ్చునని నేటి పరిశోధకులు భావిస్తున్నారు.

ఆయన అంత్యకాలాన్ని గూర్చి ఒక వృత్తాంతం ప్రచారంలో ఉన్నది. మరణశయ్యపై ఉండగా ధర్మశాస్త్రవేత్త అయిన ఒక మిత్రుడు పరామర్శకు వచ్చాడట. వారసత్వపు వాటాలను గూర్చి గతంలో ఆ మిత్రుడు చెప్పిన ఒక చిక్కు విషయాన్ని మళ్ళీ వివరించమని బెరూనీ కోరాడు. ఈ స్థితిలోనా అని మిత్రుడు ఆశ్చర్యపోగా, ఆ విషయం తెలియకుండా పోవడం కంటే తెలుసుకొని పోవడం మేలని ఆయన సమాధానం. మిత్రుడు వివరించి, ఆయన దానిని తిరిగి అప్పజెప్పగా విని, సెలవు తీసుకొని వీధిలోకి వచ్చేసరికే ఇంట్లోనుంచి ఏడుపులు వినవచ్చాయట.

మాతృభాష వదిలివెళ్ళిన ప్రశ్న

బెరూనీ రచనలు మధ్యయుగంలో లాటిన్ భాషలోకి వెళ్ళలేదు. అందువల్ల ఇబ్న్ సీనాకు వచ్చిన కీర్తి ఐరోపాలో ఆయనకు రాలేదు. జర్మన్ పండితుడు ఎడ్వర్డ్ సాచౌ భారతదేశ గ్రంథపు అరబ్బీ మూలాన్ని 1887లో, ఆంగ్లానువాదాన్ని 1888లో ప్రకటించిన తరువాతనే ప్రపంచానికి ఆయన విలువ తెలిసింది. 1970లో చంద్రుని మీది ఒక బిలానికి ఆయన పేరు పెట్టారు.

ఇంతటివానికి ఒక లోటు ఉన్నది. ఆయన తల్లిభాష ఖ్వారెజ్మీ. ఔషధ గ్రంథపు పీఠికలో, ఆ భాషలో శాస్త్రం చెప్పబోతే అది వింతగా కనిపిస్తుందని ఆయనే ఒప్పుకొన్నాడు. అరబ్బీ, పారశీక భాషలు రెండూ తాను పరాయివాడుగా ప్రవేశించి నేర్చుకొన్నవేనని చెప్పి, శాస్త్రానికి అరబ్బీయే తగినదని నిర్ణయించాడు. తన పుట్టుకకు రెండున్నర శతాబ్దాల ముందు, అరబ్బు సేనాని ఖుతైబా ఖ్వారెజ్మ్‌ను జయించినప్పుడు ఆ భాషలో చదవను రాయను నేర్చినవారు నాశనమయ్యారని కూడా ఆయన విచారంతో రాశాడు. చదువుకొన్నవారిని పోగొట్టుకొన్న భాష ఇళ్ళల్లో, సంతల్లో మరి కొన్ని శతాబ్దాలు బ్రతికింది. పద్నాలుగవ శతాబ్దం తరువాత దాని జాడ దొరకదు. అరబ్బీ, పారశీక గ్రంథాల పంక్తుల నడుమ రాసిన అర్థాలు, బెరూనీ తన యౌవనంలో శ్రద్ధగా చేర్చిన మాసాల పేర్లు, పండుగల పేర్లు, ఇటువంటివే దానికి మిగిలిన సాక్ష్యాలు.

ఇక్కడ తెలుగు చరిత్రను పక్కన ఉంచి చూడాలి. బెరూనీ తన భాష శాస్త్రానికి పనికిరాదని తలచిన శతాబ్దంలోనే నన్నయ తెలుగును మహాకావ్య భాషగా నిలబెట్టాడు. ఆ తరువాత ఎంతో కాలం గడవకముందే పావులూరి మల్లన, కర్ణాట దేశంలో రాష్ట్రకూటుల కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగు పుట్టుకతోనే శాస్త్రభాష కాదు. ఖ్వారెజ్మీ పుట్టుకతోనే అందుకు పనికిరానిదీ కాదు. ఒక భాషలో పూనుకొని రాసినవారు ఉన్నారు, చదివినవారు ఉన్నారు. రెండవ భాషకు ఆ అవకాశం లేకుండా పోయింది. భేదమల్లా అదే.

పొరుగు రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల తల్లిదండ్రులకు ప్రతి సంవత్సరం పిల్లలను బడిలో చేర్పించే వేళ ఒక సందేహం కలుగుతుంది. తెలుగు మాధ్యమంలో చదివితే బిడ్డ వెనుకబడిపోతాడేమో, ఇతర భాషలు రావేమో అన్నదే ఆ సందేహం. బెరూనీ జీవితం దీనికి రెండు వైపుల నుంచీ సమాధానం చెబుతుంది. ఒక భాష పుట్టుకతో వచ్చినంత మాత్రాన మరొక భాష రాకుండా పోదు. నలభై అయిదేళ్ళు దాటాక కూడా కొత్త భాషను శాస్త్ర స్థాయిలో నేర్వవచ్చును. పొరుగువారి భాషను గౌరవంతో నేర్చినవానికి పొరుగువారి విద్య కూడా దక్కుతుంది. అందువల్ల మన పిల్లలు కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో, హిందీ, ఆంగ్లమో ఎంత బాగా నేర్చుకొంటే అంత మేలు. ఇది ఒక వైపు.

రెండవ వైపు ఏమంటే, ఇంట్లో మాట్లాడుకొన్నంత మాత్రాన భాష నిలవదు. దానిని చదివేవారు, రాసేవారు, దానిలో లెక్కలు చేసేవారు, నేల పాఠాలు నింగి పాఠాలు చెప్పేవారు ప్రతి తరంలోనూ కావాలి. 75 సంవత్సరాలుగా మన ఉపాధ్యాయులు చేస్తూ వచ్చినది ఆ పనే. నల్లబల్ల మీద చంద్రగ్రహణం బొమ్మ గీసి తెలుగులో వివరించిన ప్రతి ఉపాధ్యాయుడూ, ఉపాధ్యాయినీ ఆ పనిలో భాగస్వాములే. బెరూనీకి తన మాతృభాషలో అటువంటి బడి దొరకలేదు. మన పిల్లలకు దొరికింది. దానిని నిలుపుకోవడం పూర్వ విద్యార్థుల మీద, తల్లిదండ్రుల మీద ఉన్న బాధ్యత.